ఈ పాలిష్ వయసెంత?

కుర్చీ వయసు చెప్పడం ఒక పని, దాని ఒంటి మీద ఉన్న పాలిష్ వయసు చెప్పడం మరొక పని. ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. మీ ఇంట్లో తాతగారి కాలం నాటి టేకు పడక కుర్చీ ఒకటి ఉందనుకోండి. అందులోని కర్ర 70 ఏళ్ల నాటిది కావచ్చు. కాని దాని మీది మెరుపు ఏ పెళ్లికో పండక్కో ఈమధ్య పూయించినది కావచ్చు. చూడగానే చెప్పేయడం కష్టం. కొత్త పాలిష్ కూడా నాలుగేళ్లు కర్నూలు ఎండను, వంటింటి పొగను చూసిందంటే పాతదానిలాగే కనిపిస్తుంది. జాగ్రత్తగా వాడుకున్న పాత పాలిష్ ఒక్కోసారి కొత్తదానిలా మెరుస్తుంది.

మరి తేడా కనిపెట్టడం ఎలా? ఇది పాత సామాన్లు అమ్మేవారికే కావలసిన విద్య అనుకోకండి. ఇందులో రసాయనశాస్త్రం ఉంది, కాంతిశాస్త్రం ఉంది, కొంత భూగర్భశాస్త్రం కూడా ఉంది. తొందర మాత్రం పనికిరాదు. గరుకు కాగితంతో ఒకసారి రుద్దేసిన పాలిష్‌ను ఎంత గొప్ప వడ్రంగి అయినా తిరిగి తేలేడు.

వంచిన చెక్క

పాత సినిమా హాళ్లలో కూర్చోబోయేముందు చేత్తో కిందికి వాల్చుకునే కుర్చీలు ఉండేవి. లేవగానే టప్పున పైకి మడుచుకునేవి. వాటి వీపు పలక మన వీపుకు తగినట్టు వంపు తిరిగి ఉండేది. ఆ పలకను దుంగ నుంచి చెక్కి తీయలేదు. అట్టలాంటి పల్చటి చెక్క పొరలను, ఒకదాని నార నిలువుగా వస్తే తర్వాతిదాని నార అడ్డంగా వచ్చేటట్టు పేర్చి, మధ్య జిగురు పూసి, వంపు ఉన్న అచ్చులో పెట్టి, వేడిచేసి గట్టిగా నొక్కుతారు. జిగురు గట్టిపడ్డాక పలక ఆ వంపులోనే నిలిచిపోతుంది. ఇదే అచ్చు పోసిన ప్లైవుడ్. పొరలు సాధారణంగా 3, 5, 7 ఇలా బేసి సంఖ్యలో ఉంటాయి. మధ్య పొరకు రెండు వైపులా లాగుడు సమానంగా ఉంటేనే పలక మెలి తిరగకుండా ఉంటుంది.

ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చినవారిలో అమెరికా దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ ముఖ్యులు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 నుంచి, కాళ్లు విరిగిన నావికుల కోసం వారు వంచిన ప్లైవుడ్‌తో కట్టుబద్దలు తయారుచేశారు. యుద్ధం ముగిసేసరికి అలాంటివి సుమారు 1,50,000 తయారయ్యాయి. కాలికి అచ్చు పోయడం నేర్చిన చేతులే తర్వాత నడుముకూ వీపుకూ అచ్చు పోశాయి. 1946 ప్రాంతంలో వచ్చిన వారి ప్లైవుడ్ కుర్చీలను ఇప్పుడు మ్యూజియములు దాచుకుంటున్నాయి. ఈ దంపతులు మన దేశానికీ వచ్చారు. 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక రాసి ఇచ్చారు. దాని ఫలితంగానే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఆ నివేదికలో వారు అన్నిటికన్నా మెచ్చుకున్న వస్తువు ఏదో తెలుసా? కుర్చీ కాదు, మనం రోజూ నీళ్లు ముంచుకునే చెంబు!

ఈ ప్లైవుడ్ కుర్చీలతో ఒక చిక్కు ఉంది. టేకు పలక మొత్తం ఒకే కర్ర. పైన కాస్త చిత్రిక పట్టినా కింద మళ్లీ టేకే ఉంటుంది. ప్లైవుడ్‌లో కంటికి కనబడే అందమైన పై పొర మందం చాలాసార్లు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రెండుమూడుసార్లు గట్టిగా రుద్దితే అది అరిగిపోయి, కింద అడ్డనారతో ఉన్న నాసి చెక్క మచ్చలా బయటపడుతుంది. కాబట్టి "ముందు రుద్ది చూద్దాం, తర్వాత ఆలోచిద్దాం" అనే మాట ఇక్కడ చెల్లదు.

కడప రాళ్లు నేర్పే పాఠం

ఇప్పుడు కుర్చీని కాసేపు పక్కన పెట్టి మన ఊళ్ల కింద ఉన్న రాళ్ల సంగతి చూద్దాం. కడప, కర్నూలు అనే పేర్లు ప్రపంచంలోని భూగర్భ శాస్త్రజ్ఞులందరికీ తెలుసు. ఇక్కడి రాతి పొరలకు ఆ పేర్లే పెట్టారు. విలియం కింగ్ అనే శాస్త్రజ్ఞుడు వీటిని పరిశీలించి 1872లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. కడప పొరలు కింద ఉంటాయి, కర్నూలు పొరలు వాటి మీద ఉంటాయి. కనుక కడప పొరలు పాతవి. కింద ఉన్నది ముందు ఏర్పడిందన్న ఈ సూత్రాన్ని 1669లో స్టెనో అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు.

అయితే ఈ రెంటి మధ్యా ఒక ఖాళీ ఉంది. కడప పొరలు ఏర్పడ్డాక చాలాకాలం పాటు గాలి, వాన, వాగులు వాటిని అరగదీశాయి. ఆ అరిగిన నేల మీద కర్నూలు పొరలు పేరుకున్నాయి. అరిగిపోయిన రాతిలో ఏముండేదో ఇప్పుడు ఎవరూ చదవలేరు. ఆ పుటలు చిరిగిపోయాయన్నమాట. కర్నూలు పొరల అడుగున బనగానపల్లె గులకరాళ్ల పొర ఉంది. వజ్రాలు దొరికిన పొర అదే. అందులోని గులకరాళ్లు అంతకన్నా పాత రాళ్లు విరిగి దొర్లి వచ్చినవి. పొరలో చిక్కుకున్న వస్తువు ఆ పొరకన్నా పాతది.

కుర్చీ పాలిష్‌ను చదవడానికి ఈ మూడు మాటలూ చాలు. కింది పొర ముందుది. పొరలో చిక్కుకున్న దుమ్ము ఆ పొర పూయకముందే అక్కడ ఉంది. గరుకు కాగితంతో రుద్దడమంటే ఆ వాగులు చేసిన పనే మళ్లీ చేయడం. పుటలు చిరుగుతాయి.

పూతలు ఏవేవి?

మన ప్రాంతపు పాత కర్ర సామానుకు ఎక్కువగా కనిపించేది లక్క పాలిష్. కొందరు దీన్ని ఫ్రెంచి పాలిష్ అనీ, స్పిరిటు పాలిష్ అనీ అంటారు. మోదుగ, రేగు, పుసుగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు రసం పీల్చి, తమ చుట్టూ ఒక బంకను స్రవిస్తాయి. దాన్ని కరిగించి వడకట్టి రేకులుగా చేస్తే షెల్లాక్. ఆ రేకులను స్పిరిటులో నానబెట్టి, గుడ్డ ఉండతో కర్ర మీద పల్చగా ఎన్నోసార్లు రుద్దుతారు. స్పిరిటు ఆవిరైపోతుంది, లక్క మిగులుతుంది. ఏటికొప్పాక బొమ్మల మెరుపు కూడా లక్కదే. పాత గ్రామఫోను రికార్డుల తయారీలోనూ ఈ లక్కే ప్రధానం.

లక్క పొరలో రసాయన మార్పు దాదాపుగా ఏమీ జరగదు. స్పిరిటు వెళ్లిపోయిందంతే. అందుచేత 50 ఏళ్ల తర్వాత కూడా స్పిరిటు తగిలితే అది మళ్లీ కరుగుతుంది. 2020లో కోవిడ్ కాలంలో బల్లల మీద శానిటైజరు సీసాలు పెట్టినచోట తెల్లటి చక్రాలు పడటం మీలో కొందరు చూసే ఉంటారు. శానిటైజరులో ఉన్న ఆల్కహాలు చేసిన పని అది.

అవిసె నూనెతో చేసిన వార్నిషు కథ వేరు. అది ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజనును పీల్చుకుంటుంది. నూనె అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వల అల్లినట్టు అవుతాయి. ఆ వల స్పిరిటుకు కరగదు. 1920ల నుంచి కార్లకూ ఫర్నిచరుకూ పిచికారీ చేసే నైట్రోసెల్యులోజ్ లాకరు వ్యాపించింది. అది థిన్నరుకు కరుగుతుంది. చివరగా వచ్చింది పాలీయురెథేన్. ఆ రసాయనాన్ని 1937లో జర్మనీలో ఒట్టో బాయర్ బృందం కనిపెట్టింది. కర్ర మీద పూతగా అది విరివిగా వాడుకలోకి రావడం 1960ల తర్వాతి సంగతి. అది గట్టి ప్లాస్టిక్ పొర. స్పిరిటుకూ కరగదు, థిన్నరుకూ తేలిగ్గా లొంగదు.

ఇక్కడ తర్కం జాగ్రత్తగా నడవాలి. కర్నూలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారింది. ఆ మూడేళ్లలో కర్నూలులో కొన్ని కార్యాలయాలు డేరాల్లో కూడా నడిచాయి. ఎవరైనా ఒక కుర్చీని చూపించి "ఇది ఆనాటి సెక్రటేరియట్ కుర్చీ, పాలిష్ కూడా అప్పటిదే" అన్నారనుకోండి. దాని మీద పాలీయురెథేన్ దొరికితే పాలిష్ విషయంలో ఆ మాట తప్పని తేలిపోతుంది. అదే లక్క దొరికితే? మాట నిజమని తేలినట్టేనా? కాదు. లక్క పాలిష్‌ను నిన్న కూడా పూయవచ్చు. కొత్త పదార్థం దొరికితే "కాదు" అని గట్టిగా చెప్పవచ్చు. పాత పదార్థం దొరికితే "కావచ్చు" అని మాత్రమే అనగలం. పాత సామాన్ల బేరాల్లో జరిగే మోసాల్లో చాలావరకు ఈ రెండో మాటను మొదటి మాటంత గట్టిగా చెప్పడం వల్లనే జరుగుతాయని నా అభిప్రాయం.

కళ్లతో చూడండి

అన్నిటికన్నా ముందు కుర్చీని తలకిందులు చేయండి. పాలిష్ చేసేవారు పైభాగం మీద చూపే శ్రద్ధ అడుగు మీద చూపరు. సీటు అడుగున, కాళ్ల లోపలి వైపున, మరలు బిగించిన చోట మొదటి పూత తాలూకు తునకలు మిగిలి ఉంటాయి. పైన ఉన్న రంగూ, అడుగున ఉన్న రంగూ పోల్చి చూడండి. ఎండ తగలని అడుగు కాస్త వేరే ఛాయలో ఉండటం సహజమే. కాని పైన గాజులా మెరుస్తూ, అడుగున పొడిబారి నెర్రెలు విచ్చి ఉంటే అనుమానించవలసిందే.

తర్వాత మరలు. కుర్చీని విడిగా పాలిష్ చేసి ఆపైన మరలు బిగించి ఉంటే మర తల గాడి శుభ్రంగా ఉంటుంది. గాడిలో పాలిష్ గడ్డకట్టి ఉంటే, బిగించిన తర్వాత ఎవరో పూశారని అర్థం. ఈమ్స్ కుర్చీల్లో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వాటి వీపు పలక వెనుక రబ్బరు బిళ్లలు అంటించి, మరలను ఆ బిళ్లల్లోకే బిగిస్తారు. ముందువైపు ఒక్క మర తల కూడా కనిపించదు. రబ్బరు మీద వార్నిషు చారలు ఉన్నా, ముందువైపు మర తల కనిపించినా, తర్వాత ఎవరో చెయ్యి చేసుకున్నారన్నమాట. ఆ కుర్చీల్లో కొన్నిటికి ఎరుపు, నలుపు రంగులు వేశారు. ఆ రంగు చెక్కలోకి ఇంకేది కాబట్టి దాని కింద చెక్క నార కనబడుతుంది. నార కనబడకుండా కప్పేసిందంటే అది పైన పూసిన పెయింటు.

అరుగుదల కూడా సాక్ష్యమే. మనిషి చెయ్యి ఆనేచోట, తొడలు రాసుకునే సీటు అంచున, మడమ తగిలే అడ్డకర్ర మీద పాలిష్ అరగాలి. ఇంటి నేల కడప బండలదైతే ఇంకొక గుర్తు చూడండి. రోజూ నీళ్లతో తుడిచే నేల కాబట్టి కాళ్ల చివర రెండు అంగుళాల మేర పాలిష్ పాలిపోయి ఉంటుంది. 70 ఏళ్లు అలాంటి నేల మీద నిలబడిన కుర్చీ కాళ్లు చివరిదాకా నిగనిగలాడుతుంటే కారణం అడగాలి. వెతికి పట్టుకోలేనిచోట, అంటే ఎవరి చెయ్యీ తగలని మూలల్లో, అరుగుదల ఉంటే అది కావాలని చేసినది కావచ్చు.

భూతద్దం ఉంటే నారకు అడ్డంగా సన్నటి గీతలు ఉన్నాయేమో చూడండి. అవి గరుకు కాగితం గుర్తులు. పలక అంచులు సబ్బుబిళ్లలా గుండ్రమై ఉన్నా అదే కథ.

నీలి దీపం

దుకాణాల్లో నోట్లు పరీక్షించే నీలి దీపాన్ని మీరు చూసే ఉంటారు. అందులోంచి అతినీలలోహిత కిరణాలు వస్తాయి. అవి మన కంటికి కనబడవు. కొన్ని పదార్థాలు ఆ కిరణాలను పీల్చుకుని, కొంత శక్తిని పోగొట్టుకుని, మిగిలినదాన్ని కనిపించే రంగుగా వదులుతాయి. దీన్ని ప్రతిదీప్తి అంటారు. చీకటి గదిలో లక్క పాలిష్ మీద ఈ దీపం వేస్తే నారింజ రంగులో వెలుగుతుంది. మిగతా పూతలు ఇలా నారింజ రంగునివ్వవు. పచ్చగానో, పాలిపోయినట్టుగానో, మసకగానో కనబడతాయి.

పగటి వెలుతురులో ఒకే రంగుగా కనిపించిన కుర్చీ ఈ దీపం కింద అతుకుల బొంతలా కనిపించవచ్చు. ఒక చెయ్యి నారింజ, రెండోది మసక! అంటే రెండో చేతిని ఎప్పుడో మార్చారు లేదా మళ్లీ పూశారు. దీపాన్ని పెద్దల సాయంతోనే వాడండి. దాని వైపు నేరుగా చూడకండి, చేతి మీద వేసుకోకండి. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. లక్క మీద వేరే పూత మందంగా ఉంటే అది కిరణాలను కిందికి పోనివ్వదు. నారింజ కనబడనంత మాత్రాన అడుగున లక్క లేదని అనుకోకూడదు.

ఒక్క చుక్క

ఇక మిగిలింది స్పిరిటు పరీక్ష. ఇది పూతను కొద్దిగానైనా పాడుచేస్తుంది కాబట్టి అన్నిటికన్నా చివర చేయాలి. వడ్రంగి స్పిరిటు విషం, పైగా నిప్పంటుకుంటుంది. అందుచేత ఈ పని పెద్దవాళ్ల చేతనే చేయించండి. సీటు అడుగున ఎవరికీ కనబడని మూల, ఒక పుల్లకు చుట్టిన దూదిని స్పిరిటులో తడిపి, కొద్దిసేపు ఆనించి చూడాలి. పూత జిగటగా మారి దూదికి గోధుమరంగు అంటితే అది లక్క. మార్పు లేకపోతే నూనె వార్నిషో, పాలీయురెథేనో, మరొకటో.

కడప జిల్లా పాఠకులకు ఇక్కడ ఒక హెచ్చరిక. మీ శేషాచలం, పాలకొండల అడవుల్లో పెరిగే ఎర్రచందనం కర్రలో శాంటలిన్ అనే రంగు పదార్థం ఉంది. అది నీళ్లలో కరగదు గాని ఆల్కహాలులో కరుగుతుంది. ఎర్రచందనం బొమ్మ మీద ఈ పరీక్ష చేస్తే దూది ఎర్రబడుతుంది. అది పాలిష్ రంగు కాదు, కర్ర ఇచ్చిన రంగు. పాలిష్ ఏమీ లేకపోయినా ఎర్రబడుతుంది.

నీళ్లు రాసిన గీత

మన ప్రాంతాన్ని కరువు సీమ అంటారు. ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లే. అలాంటిచోట కుర్చీ మీద వరద గుర్తు కోసం వెతకమంటే నవ్వు రావచ్చు. కాని 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణంలోకి వచ్చాయి. వేలాది ఇళ్లు మునిగాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలు దెబ్బతిన్నాయి. నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలినవి బురద, ఉబ్బిన తలుపులు, తెల్లబడిన కర్ర సామాను.

ఎందుకు తెల్లబడతాయి? లక్క పొరలోకి నీరు చేరినప్పుడు లోపల కంటికి కనబడనంత చిన్న ఖాళీలు ఏర్పడతాయి. కాంతి సూటిగా పోకుండా ఆ ఖాళీల దగ్గర అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. అన్ని రంగులూ సమానంగా చెదిరితే మన కంటికి తెలుపే. గాజు పెంకును నూరితే తెల్లటి పొడి అయినట్టే ఇది. ప్లైవుడ్‌కు జరిగేది ఇంకా ఘోరం. పాతకాలపు జిగురుల్లో చాలావాటికి నీళ్లలో నానే ఓపిక లేదు. పొరలు పుస్తకంలో కాగితాల్లా విచ్చుకుంటాయి.

ఇప్పుడు ఒక కుర్చీని ఊహించుకోండి. కర్నూలు పాతపట్నంలోని ఒక ఇంటి పడక కుర్చీ. పైభాగం గోధుమరంగులో, సన్నటి నెర్రెలతో ఉంది. నీలి దీపం కింద నారింజగా వెలుగుతుంది. చేతుల కింది నుంచి కాళ్ల దాకా మాత్రం మెరుపు ఎక్కువ, దీపానికి నారింజ లేదు. కాలు సీటుతో కలిసే కీలులో సన్నటి ఒండ్రుమట్టి ఉంది. ఆ మట్టి పూతకు పైన లేదు, పూత కిందే చిక్కుకుని ఉంది. గీత కుర్చీ నాలుగు కాళ్లకూ ఒకే ఎత్తులో ఉంది.

ఏ సంఘటన ముందు జరిగింది, ఏది తర్వాత? ముందు లక్క. తర్వాత మట్టి. ఆపైన కొత్త పూత. నీటిమట్టం ఎప్పుడూ సమతలంగా ఉంటుంది కాబట్టి నాలుగు కాళ్ల మీదా ఒకే ఎత్తు గీత వచ్చింది. చేతితో పూసిన పాలిష్ అంత కచ్చితమైన గీత దగ్గర ఆగడానికి వేరే కారణం వెతకడం కష్టం. పైభాగం పాత పాలిష్, కిందిభాగం వరద తర్వాతిది. ఏ వరద అన్నది మాత్రం కుర్చీ చెప్పదు. అది ఇంట్లో పెద్దలనే అడగాలి. గోడ మీద నీటి గుర్తు ఇంకా ఉంటే కుర్చీ గీతతో ఎత్తు కలుస్తుందో లేదో కొలవవచ్చు. అయితే కుర్చీ ఆ రోజు నేల మీదే ఉందా, నీళ్లలో తేలిందా, మంచం మీదికి ఎక్కించారా అన్నదీ అడగడం మరచిపోకండి. తేలిన కుర్చీ గీత గోడ గీతతో కలవదు.

ఈ కుర్చీని పాలిష్‌కు ఇస్తే వచ్చే వడ్రంగి మొదట చేసే పని, గీతను చెరిపేసి పైనుంచి కిందిదాకా ఒకే రంగు తేవడం. అతని తప్పేమీ లేదు, అతన్ని పిలిచిందే అందుకు. కుర్చీ రోజూ కూర్చోవడానికి కావలసినదైతే పాలిష్ చేయించుకోవలసిందే. నెర్రెలిచ్చిన పూత కర్రను కాపాడలేదు. కాని పని మొదలుపెట్టేముందు, గీత ఎత్తును కొలిచి రాసుకోండి, నాలుగు వైపులా ఫోటోలు తీయండి. సీటు అడుగున రూపాయి బిళ్ల రెండింతల చోటును కాగితంతో కప్పి, "ఇక్కడ గరుకు కాగితం తగలనివ్వకండి" అని ఆచారి గారికి చెప్పండి. మ్యూజియములలో పనిచేసేవారు కూడా ఇలాగే ఒక ముక్కను ముట్టుకోకుండా వదులుతారు. పని అయ్యాక ఆ చోటు పక్కన ఏ పూత వేశారో, ఏ తేదీన వేశారో పెన్సిలుతో రాయండి. పెన్సిలు గీత సిరాలాగా వెలిసిపోదు.